పశువైద్య విద్య

మన దేశంలో పశువైద్యుడి చదువు ఇప్పుడు ఐదున్నరేళ్లు. పశువు రోగాలు పెరిగినందుకంటే పశువైద్యుడి బాధ్యత పెరిగినందుకే చదువు ఇంత పొడుగైందని దీని చరిత్ర చెబుతుంది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 1762లో మొదలైన తొలి పశువైద్య పాఠశాలను స్థాపించిన క్లాడ్ బూర్జెలా అప్పటికి గుర్రపుస్వారీ అకాడమీకి అధిపతి. మన దేశంలోనూ అప్పట్లో సైన్యానికి గుర్రాలే ముఖ్యం. 1882లో లాహోర్‌లో పశువైద్య పాఠశాల వెలిసింది ఆ రోజుల్లోనే. రైతు ఎద్దును లెక్కలోకి తెచ్చింది ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్). దొడ్లకు దొడ్లు ఖాళీ చేసే ఆ రోగం ఒక్కో పశువుకు మందు పోస్తే ఆగేది కాదు. టీకాలు, సూక్ష్మజీవుల సంగతి తెలిసినవాళ్లు కావలసి వచ్చారు. 1903లో మొదలైన మద్రాసు కళాశాల 1936లో విశ్వవిద్యాలయానికి అనుబంధమై, దేశంలో మొదటిసారిగా పశువైద్యంలో డిగ్రీ ఇచ్చింది. కోస్తా, రాయలసీమ విద్యార్థులకు చాలాకాలం అదే దిక్కు. తర్వాత హైదరాబాదులో 1946లో, బాపట్లలో 1955లో కళాశాలలు వచ్చాయి; బాపట్లది రెండేళ్లకే తిరుపతికి తరలింది.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం దేశమంతటా ఒకే ప్రమాణానికి దారి వేసింది. ఇంటర్‌లో బైపీసీ చదివి చేరిన విద్యార్థి నాలుగు అరల ఆవు పొట్ట, ఒకే అర ఉన్న గుర్రం పొట్ట, కోడి కందనకాయ అన్నీ నేర్వాలి. మనుషుల వైద్యుడికి ఈ బెడద లేదు. అయితే పుస్తకంతో రాని విద్య ఇందులో చాలా ఉంది. చూడి పరీక్షలో చేతిని భుజం దాకా ఆవు పేగులోకి పోనిచ్చి, పేగు గోడ మీదుగా గర్భసంచిని తడిమి నెలలు చెప్పాలి. అది వేళ్లకు అలవాటు కావడానికి పదులకొద్దీ పశువులు కావాలి. అంతకుముందు ఆరు నెలలే ఉన్న ఇంటర్న్‌షిప్‌ను 2016 నిబంధనలు ఏడాదికి పెంచడం అందుకే సబబు.

పల్లెల్లో రోజువారీ పని టీకాలు, గాయాలకు కట్లు, ఎదకొచ్చిన గేదెకు వీర్యం ఎక్కించడమే కదా, వీర్యం ఎక్కించడంలో శిక్షణ పొందిన గోపాలమిత్రలు, రెండేళ్ల డిప్లొమా చదివినవాళ్లు చాలరా అన్నది గట్టి అభ్యంతరమే. డాక్టరు దూరాన ఉన్న ఊళ్లో ఆ పనులు చేస్తున్నది వాళ్లే. పర్యవేక్షణలో చిన్న సేవలకు చట్టమూ ఒప్పుకుంటుంది. చిక్కల్లా మామూలు పనిలా కనిపిస్తూ మామూలు కానిదాన్ని పోల్చుకోవడంలో ఉంది. రాత్రి దాకా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది, ముక్కులోంచి గడ్డకట్టని నల్లని నెత్తురు. కారణమేమిటో కోసి చూద్దామనిపిస్తుంది. అది దొమ్మ (ఆంత్రాక్స్) అయితే, కోసిన కళేబరంలోని క్రిములు గాలి తగిలి సిద్ధబీజాలై ఆ నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కోసినవాడికీ, మాంసం తిన్నవాడికీ రోగం అంటుకోవచ్చు. కాబట్టి కత్తి ముట్టకుండా చెవి నరం నుంచి ఒక్క చుక్క నెత్తురు స్లైడు మీదికి తీయాలి. దొమ్మ అని తేలితే కళేబరాన్ని లోతుగా పూడ్పించాలి, మిగిలిన మందకు టీకా వేయించాలి, కళేబరాన్ని ముట్టుకున్న మనుషులను ఆసుపత్రికి పంపాలి.