బహుళ ప్రాసెసర్ల సర్వర్లలో నెట్‌వర్క్ రద్దీ నివారణ

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున వేలాది మంది ఒకేసారి ప్రయత్నించగా, కోరిన పేజీ ఎంతకూ తెరుచుకోకపోవడం అనేక కుటుంబాలకు అనుభవమే. ఇటువంటి అభ్యర్థనలకు బదులిచ్చే కంప్యూటరును సర్వర్ అంటారు. అందులో ఎనిమిది లేక పదహారు ప్రాసెసర్లు ఉన్నప్పటికీ, ఒక్కటి మాత్రమే తలమునకలై, మిగిలినవి ఖాళీగా ఉండే స్థితి ఏర్పడవచ్చు. జాప్యానికి గల పలు కారణాలలో ఇది ఒకటి.

అడ్డంకి ఎక్కడ?

నెట్‌వర్క్‌లో సమాచారం ప్యాకెట్లు అనే చిన్న మూటలుగా ప్రయాణిస్తుంది. మూట చేరగానే నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌కు ‘ఇంటరప్ట్’ అనే సంకేతం పంపుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి దానిని అందుకోవాలి. 10 గిగాబిట్ల ఈథర్‌నెట్‌పై అతి చిన్న ప్యాకెట్లు నిండుగా వస్తే, వాటి సంఖ్య సెకనుకు సుమారు 1.48 కోట్లు. అనగా ఒక్కొక్క దానికి దక్కే వ్యవధి సుమారు 67 నానోసెకన్లు మాత్రమే. సెకనులో వంద కోట్లవ వంతును నానోసెకను అంటారు.

రద్దీ మితిమీరితే, ప్రాసెసర్ మూటలు అందుకోవడంతోనే సరిపెట్టుకొని అసలు పనికి సమయం లేకుండా పోతుంది. జెఫ్రీ మోగుల్, కె.కె. రామకృష్ణన్ 1996లో ఈ సమస్యను విశ్లేషించి పరిష్కారాలు సూచించారు. ప్రతి మూటకూ సంకేతం ఇవ్వక, తొలి సంకేతం తరువాత ప్రాసెసరే వరుసగా మూటలను తీసుకొనే పద్ధతి లినక్స్‌లో ‘నాపి’ పేరిట అమలయింది.

పని పంపిణీ

మార్కెట్ యార్డులో ఎనిమిది కాటాలుండగా బండ్లన్నీ ఒకే కాటా వద్ద నిలిస్తే ప్రయోజనం లేదు. అట్లని ఒకే రైతు బస్తాలను ఎనిమిది కాటాలకూ చెదరగొడితే లెక్క తారుమారవుతుంది. రైతుకొక కాటా కేటాయించడమే మార్గం.

‘రిసీవ్ సైడ్ స్కేలింగ్’ చేసేది ఇదే. పంపినవారి చిరునామా, అందుకొనేవారి చిరునామా, ఉభయుల పోర్టు సంఖ్యలు – ఈ నాలుగింటిని బట్టి కార్డు ఒక సంఖ్యను గణించి, ఆ ప్రకారం ప్యాకెట్‌ను ఒక వరుసలో చేరుస్తుంది. ఒక్కొక్క వరుసకు ఒక ప్రాసెసర్ ఉంటుంది. ఒకే సంభాషణకు చెందిన ప్యాకెట్లన్నీ ఒకే ప్రాసెసర్‌కు చేరుతాయి గనుక క్రమం చెడదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2006లో విండోస్ సర్వర్ 2003కు ఈ సదుపాయం చేర్చింది.

ఒకే వరుస గల పాత కార్డులకై, ఇదే పంపిణీని సాఫ్ట్‌వేర్ ద్వారా జరిపే ‘రిసీవ్ ప్యాకెట్ స్టీరింగ్’ 2010లో లినక్స్ 2.6.35లో ప్రవేశించింది. దానికి తోడుగా వచ్చిన ‘రిసీవ్ ఫ్లో స్టీరింగ్’, సమాచారం ఏ ప్రోగ్రాముకు కావాలో ఆ ప్రోగ్రాము నడుస్తున్న ప్రాసెసర్ వద్దకే ప్యాకెట్‌ను పంపుతుంది. కావలసిన దత్తాంశం ఆ ప్రాసెసర్ చెంతనున్న క్యాష్ మెమరీలోనే లభించుటచే వేగం పెరుగుతుంది.

పరిమితులు

ఒకే భారీ సంభాషణను ఈ పద్ధతులు విభజించలేవు; దాని భారం ఒకే ప్రాసెసర్‌పై పడుతుంది. అనేకులు ఒకేసారి వచ్చే సర్వర్లకే వీటి మేలు అధికం. కనుక సర్వర్ మందగించినపుడు కొత్త ప్రాసెసర్లు కొనుటకు ముందు, ఉన్నవాటిలో ఏది ఎంత పని చేస్తున్నదో పరిశీలించుట నిర్వాహకుల తొలి కర్తవ్యం.