వేషం ఎక్కడ ఆగాలి?

'కైండ్ హార్ట్స్ అండ్ కొరోనెట్స్' 1949లో వచ్చిన బ్రిటిష్ సినిమా. డ్యూక్ పదవికి అడ్డున్న బంధువుల్ని ఒక్కొక్కర్నే తొలగించుకుంటూ పోయే కుర్రాడి కథ. ఆ బంధువర్గంలో 8 మంది, లేడీ అగాథాతో సహా, ఒక్కడే. అలెక్ గిన్నిస్. మన సినిమాల్లో ద్విపాత్రాభినయం అంటే ఇద్దరిలోనూ హీరోని గుర్తుపట్టి ఈల వేయడం. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. ఎంత గుర్తుపట్టలేకపోతే అంత గొప్ప.

1914లో లండన్‌లో పుట్టాడు. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. అడ్వర్టైజింగ్ కంపెనీలో కాపీలు రాస్తూ నాటకాల్లోకి వచ్చాడు. 1938లో ఓల్డ్ విక్‌లో హామ్లెట్ వేశాడు. యుద్ధంలో నేవీలో చేరి, 1943 సిసిలీ దాడిలో సైనికుల్ని ఒడ్డుకు చేర్చే పడవ నడిపాడు. ఆ తర్వాతే అసలు సినిమా జీవితం. డేవిడ్ లీన్ ఒక్కడితోనే 6 సినిమాలు.

వాటిలో రెండోది 'ఆలివర్ ట్విస్ట్' (1948). ఫేగిన్ అనే యూదు దొంగల గురువు కోసం గిన్నిస్ పెద్ద ముక్కు అతికించుకున్నాడు. డికెన్స్ నవలకి క్రూక్‌షాంక్ గీసిన బొమ్మలే ఆధారం. బొమ్మకి న్యాయం జరిగింది, నిజమే. కానీ హిట్లర్ కూలిపోయి అప్పటికి మూడేళ్ళే. బెర్లిన్‌లో సినిమా మీద గొడవలయ్యాయి. అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు, అయినప్పుడూ కత్తిరింపులతోనే.

దీని పక్కన 'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' (1957) పెట్టి చూడండి. జపాన్ సైనికులు ఎండలో రేకు కొట్టులో బంధించిన కర్నల్ నికల్సన్ బయటికొచ్చి, ఒళ్ళు సహకరించకపోయినా నిటారుగా నడవాలని చూస్తాడు. పోలియో నుంచి కోలుకుంటున్న కొడుకు మాథ్యూ నడకని గిన్నిస్ ఇక్కడ వాడుకున్నాడు. అతికించిన ముక్కు లేదు. ఇంట్లో రోజూ చూసిన బాధ ఉంది. ఆస్కార్ వచ్చింది.

'స్టార్ వార్స్' (1977)లో ఒబీ-వాన్ పాత్ర కొత్త తరానికి పరిచయం చేసింది, లాభాల్లో వాటా వల్ల డబ్బూ బాగా తెచ్చింది. ఆ డైలాగులంటే మాత్రం అతనికి విసుగు. నాకు ఇష్టమైన గిన్నిస్ రెండేళ్ళ తర్వాత బీబీసీ 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై'లో కనిపిస్తాడు. జార్జ్ స్మైలీ రిటైరైన గూఢచారి. కళ్ళద్దాలు, ఓవర్‌కోటు, బోలెడంత మౌనం. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడమే నటన. 65 ఏళ్ళకి వేషం దాదాపు మొత్తం తీసేసి, ఇక ఏ వేషమూ అక్కర్లేదని నిరూపించుకున్నాడు.

అందుకే 'ఎ పాసేజ్ టు ఇండియా' (1984) నన్ను బాధపెడుతుంది. ప్రొఫెసర్ గోడ్బోలే అనే బ్రాహ్మణుడిగా, ఒంటికి గోధుమ రంగు పూసుకుని, మళ్ళీ అదే గిన్నిస్. అంతకుముందు 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962)లో అరబ్బు రాజకుమారుడు ఫైసల్ కూడా అతనే. అప్పటి అలవాటు అనుకుందాం. కానీ 1984 నాటికి అదే సినిమాలో విక్టర్ బెనర్జీ, సయీద్ జాఫ్రీ, రోషన్ సేఠ్ ఉన్నారు. నిజమైన భారతీయుల మధ్య ఒక్క గోడ్బోలే మాత్రం ఫొటోకి పోజిచ్చినట్టు ఉంటాడు. నికల్సన్ నడకలో ఉన్న బరువు ఇక్కడ లేదు.

నటుడన్నవాడు ఎవరైనా కావచ్చు అనే మాట నాకూ ఇష్టమే. నటన అర్థమే అది. అయితే ఆ మాట అందరికీ వర్తించాలి కదా. గిన్నిస్ గోడ్బోలే కాగలిగిన ఆ రోజుల్లో, సయీద్ జాఫ్రీని పిలిచి డ్యూక్ వేషమో కర్నల్ నికల్సన్ లాంటి పాత్రో ఇద్దామని బ్రిటిష్ సినిమా అనుకోలేదు. 8 ముఖాలు మార్చుకునే స్వేచ్ఛ గిన్నిస్ ప్రతిభ వల్ల వచ్చింది. అంత ప్రతిభే ఉన్నా ఇంకొకరికి ఒక్క ముఖమే దక్కితే, దానికి కారణం ప్రతిభ కాదు.

2000లో గిన్నిస్ చనిపోయాడు. అతని సినిమాల్లో ఒక్కటే చూడమంటే స్మైలీనే చూడమంటాను. వీలైతే ఆ వెంటనే గోడ్బోలేని కూడా చూడండి. ఎంత గొప్ప నటుడికైనా రంగు చేసిపెట్టలేని పని ఏదో అప్పుడు కనిపిస్తుంది.