ఒకే ఫైటు, మూడు బిల్లులు

2015 మే 3, ఆదివారం పొద్దున్న. ఇంజనీరింగ్ ఫస్టియర్. హాస్టల్ గదిలో ఒక్క లాప్‌టాప్, దాని ముందు పదకొండు మందిమి. లాస్ వేగాస్ లో మేవెదర్ - పకియావ్ ఫైటు. మాది దొంగ లింకు కాబట్టి రౌండుకి రెండుసార్లు బొమ్మ ఆగిపోయేది. మళ్ళీ కదిలేసరికి ఇద్దరూ వాళ్ళ వాళ్ళ మూలల్లో కూర్చుని నీళ్ళు తాగుతూ ఉండేవారు. ఇదే ఫైటు ఇంట్లో కూర్చుని చూడ్డానికి అమెరికాలో నూరు డాలర్లు కట్టారని తర్వాత తెలిసి నోరెళ్ళబెట్టాం. అప్పటి లెక్కలో ఆరువేల పైమాటే, అంటే మా రెండు నెలల మెస్ బిల్లు.

అలా కట్టినవి 46 లక్షల కనెక్షన్లు. ఒక్క రాత్రిలో 40 కోట్ల డాలర్ల పైనే. క్రికెట్ ఊరికే చూస్తూ పెరిగిన వాణ్ణి కదా, ఒక ఆటకి ఇంత డబ్బు ఎవరిస్తారు, ఎందుకిస్తారు అన్నది అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది. దొరికింది దొరికినట్టు చదువుతూ వచ్చాను.

మొదట్లో అమెరికాలోనూ ఇది ఊరికే వచ్చేదే. టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో బాక్సింగ్ అంత సుఖమైన ఆట ఇంకోటి లేదు. చిన్న రింగు, ఇద్దరు మనుషులు, ఒకటి రెండు కెమెరాలు చాలు. మూడు నిమిషాలు కొట్టుకుంటారు, ఒక నిమిషం ఆగుతారు. ఆ నిమిషం దేవుడు యాడ్ కోసమే ఇచ్చినట్టుంటుంది! దాన్ని పట్టుకున్నది జిల్లెట్ వాళ్ళు. శుక్రవారం రాత్రి ఎన్‌బీసీలో ఫైట్లు, మధ్యలో బ్లేళ్ళ యాడ్లు. చూసేవాళ్ళంతా గడ్డాలున్నవాళ్ళే మరి.

కానీ ఇంట్లో ఊరికే వస్తుంటే టికెట్టు కొని చూసేదెవరు? ఊళ్ళలో ఉన్న చిన్న చిన్న బాక్సింగ్ క్లబ్బులు ఖాళీ అయిపోయాయి. కొత్త కుర్రాళ్ళు తయారయ్యేది అక్కడే. 1962లో ఎమిల్ గ్రిఫిత్ దెబ్బలకి బెనీ పారెట్ లైవ్ టీవీలో కుప్పకూలాడు, పది రోజులకి చనిపోయాడు. 1964కల్లా వారం వారం వచ్చే ఆ ప్రోగ్రాములు పోయాయి.

తర్వాతది థియేటర్ల కాలం. పెద్ద ఫైటు టీవీలో రాదు, టికెట్టు కొని హాల్లో తెర మీద చూడాలి. 1971లో అలీకి, ఫ్రేజర్ కి చెరి 25 లక్షల డాలర్లు ముట్టింది ఈ లెక్క మీదే. 1974లో జైర్ నియంత మొబుటు తన దేశానికి పేరు రావాలని అలీకి, ఫోర్‌మన్ కి చెరి 50 లక్షలు ఇప్పించాడు. ఫైటు జరిగింది కిన్షాసాలో తెల్లవారుజామున నాలుగింటికి. స్టేడియంలో ఉన్నది ఆ ఊరి జనమే. అయినా గడియారం మాత్రం న్యూయార్క్ ది, అక్కడ రాత్రి పది గంటలు. ఆన్‌సైట్ వాళ్ళ కోసం అర్ధరాత్రి కాల్స్ లో కూర్చునే మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

1991లో హెచ్‌బీఓ పే-పర్-వ్యూలో దిగింది. మొదటి ఫైటు హోలీఫీల్డ్ తో 42 ఏళ్ళ అదే ఫోర్‌మన్. సుమారు 14 లక్షల ఇళ్ళు కొన్నాయి. ఇక అక్కణ్ణించి బాక్సర్ కి కావాల్సింది తెలిసిన జనం కాదు, కార్డు గీకే జనం. ఇది అందరికన్నా బాగా అర్థమైంది మేవెదర్ కి. 2006లో తన ప్రమోటర్ కి ఏడున్నర లక్షల డాలర్లు ఎదురు కట్టి మరీ కాంట్రాక్టు తెంచుకున్నాడు. అచ్చం మన నోటీస్ పీరియడ్ బైఅవుట్! మరుసటి ఏడాది డె లా హోయాని ఓడించాడు. గెలిచినవాడికి రెండున్నర కోట్ల డాలర్లు, సొంత ప్రమోషన్ కంపెనీ ఉన్న డె లా హోయాకి ఓడిపోయినా దాదాపు రెట్టింపు. మేవెదర్ ఆ పాఠం మర్చిపోలేదు. 2015లో పకియావ్ తో పంపకం 60-40, అరవై తనది.

ఇదంతా చదివి, పే-పర్-వ్యూ లేకపోతే బాక్సింగ్ లో డబ్బే లేదనుకున్నాను. ఆ అభిప్రాయం జర్మనీ గురించి చదివాక పోయింది. హెన్రీ మాస్కే తూర్పు జర్మనీ వాడు. 1988 సియోల్ ఒలింపిక్స్ లో బంగారు పతకం తెచ్చినా, ఆ దేశంలో ప్రొఫెషనల్ బాక్సింగే లేదు. గోడ కూలాక ప్రొఫెషనల్ అయ్యాడు. మర్యాదస్తుడు, జంటిల్మన్ అని పేరు. ఆర్‌టీఎల్ అనే ఫ్రీ చానెల్ అతన్ని సినిమా హీరోలా చూపించింది. 1996 నవంబరులో మ్యూనిక్ లో అతని వీడ్కోలు ఫైటుని కోటీ డెబ్భై లక్షల మందికి పైగా చూశారు. దేశ జనాభా ఎనిమిది కోట్లు! అతను ఓడిపోయాడు, అయినా జనం ఏడ్చారు. డబ్బంతా కట్టింది యాడ్లు ఇచ్చినవాళ్ళు.

ఆ బాటలోనే క్లిచ్కో సోదరులు వచ్చారు. ఇద్దరూ ఉక్రెయిన్ వాళ్ళు, ఇద్దరికీ డాక్టరేట్లు. అమెరికన్లు వాళ్ళని బోర్ అనేవారు, జర్మనీలో స్టేడియంలు నిండేవి. 2011 జులైలో హాంబర్గ్ లో, వానలో, వ్లదిమిర్ క్లిచ్కోకి ఇంగ్లండ్ వాడు డేవిడ్ హేకి ఫైటు. జర్మన్లకి అది ఆర్‌టీఎల్ లో ఫ్రీ, కోటిన్నర మంది చూశారు. అమెరికాలో హెచ్‌బీఓ నెల చందా ఉంటే చాలు. ఇంగ్లండ్ లో మాత్రం స్కైకి విడిగా డబ్బు కట్టాలి. అవే దెబ్బలు, మూడు బిల్లులు. పాపం, ఎక్కువ కట్టింది ఇంగ్లీషు వాళ్ళు. వాళ్ళకి చివర్లో దక్కిందేంటంటే, ఓడిపోయిన హే బల్లెక్కి, నా కాలి వేలు విరిగింది చూడండని చూపించడం.

నా మటుకు నేను జర్మనీ పద్ధతికే ఓటేస్తాను. ఊరికే చూసిన పిల్లాడే రేపు జిమ్ కి వెళ్తాడు, నూరు డాలర్ల గోడ అవతల ఉన్నవాడికి అసలు ఫైటు జరిగిందనే తెలీదు. కాకపోతే దానికీ ఒక లోపం ఉంది. అదంతా ఒకరిద్దరు మనుషుల మీద నడిచింది. 2017లో వ్లదిమిర్ రిటైరయ్యాక అంత జనాన్ని టీవీ ముందు కూర్చోబెట్టేవాడు అక్కడ మళ్ళీ రాలేదు.

అమెరికాలో హెచ్‌బీఓ 2018లో, షోటైమ్ 2023లో బాక్సింగ్ వదిలేశాయి. 2025 సెప్టెంబరులో కనెలో - క్రాఫర్డ్ ఫైటు నెట్‌ఫ్లిక్స్ లో విడిగా ఏమీ కట్టకుండానే వచ్చింది, నాలుగు కోట్ల మందికి పైగా చూశారని లెక్క. వెనక ఉన్నది సౌదీ డబ్బు. మొబుటు పద్ధతే, యాభై ఏళ్ళ తర్వాత.

ఇక మన సంగతి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్ లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. అమెచ్యూర్ బాక్సింగ్ కి కార్డు గీకేవాడు ఎక్కడా లేడు. ఆమెకి వచ్చింది ప్రైజ్ మనీ, తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన రెండు కోట్లు, 2024లో డీఎస్పీ ఉద్యోగం. ఆ బిల్లు కట్టింది మన పన్నులే అనుకోవచ్చు. వేగాస్ ఫైటుకి పదకొండు మందిమి ఒక లాప్‌టాప్ మీద పడ్డాం కదా, ఢిల్లీ ఫైనల్ కూడా ఆదివారమే. నాకు మాత్రం సోమవారం ఆఫీసు కాంటీన్ లో పేపరు తిరగేస్తుంటే తెలిసింది.