సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లం, మన బి12

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. పేగు పోషకాలను గ్రహించలేని ఆ జబ్బు ఆయననూ పీడించింది. అమెరికాలో ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. దానితో ఎందరో రక్తహీనులు తేరుకున్నారు. అయితే కొందరిలో రక్తం బాగుపడినా నరాలు దెబ్బతింటూనే వచ్చాయి. వారికి లోపించినది బి12. అది 1948లో గాని చేతికి చిక్కలేదు.

బరువు తగ్గేందుకు శస్త్రచికిత్సతో జీర్ణాశయాన్ని కుదించుకున్నవారు ఈ పాత చరిత్రను తెలుసుకోవాలి. బి12 పేగులో ఇంకడానికి జీర్ణాశయం స్రవించే ఒక పదార్థం అవసరం. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు ఆదుకుంటుంది గనుక లోటు ఆలస్యంగా బయటపడుతుంది. మా నూజివీడు చిన్నరసాలలో కెరోటిన్ ఉన్నది, ఫోలేట్ ఉన్నది. ఎంత అభిమానమున్నా బి12 ఉన్నదని మాత్రం చెప్పలేను. హిమోగ్లోబిన్ బాగున్నదని మాత్రలు మానకండి. ఏటా బి12 పరీక్ష చేయించుకోండి. అరికాళ్లలో తిమ్మిరి మొదలైతే ఏడాది దాకా ఆగకండి.