గుర్రం మోకాలి వాపు: కారణ నిర్ణయంలో ఆధారాల పరిశీలన

పందెపు గుర్రాలను తరచుగా బాధించే ముందుకాలి మోకాలి వాపును ఒకే జబ్బుగా ఎంచవచ్చా అన్నదే ఇక్కడి ప్రశ్న. లభిస్తున్న ఆధారాలు అందుకు అనుకూలంగా లేవు.

1. శరీర నిర్మాణాన్ని బట్టి చూస్తే గుర్రం ముందుకాలి మోకాలు మనిషి మణికట్టుకు సమానం. అందులో రెండు వరసల చిన్న ఎముకలు, మూడు కీళ్లు ఉంటాయి. నడిమి కీలుకూ కింది కీలుకూ లోపల దారి ఉంటుంది. పై కీలు సాధారణంగా వేరు. కనుక వాపు ఏ మట్టంలో ఉందన్నది మొదటి ఆధారం.

2. మోకాలి ముందుభాగంలో చర్మం కింద మెత్తగా, అంతగా నొప్పి లేకుండా ఉబ్బితే అది చాలావరకు నీటితిత్తి కావచ్చు. గడ్డి పరుపు పలచబడిన గట్టి నేల మీద పడుకుని లేచేటప్పుడు, లేదా మోకాలు పదేపదే గోడకో తలుపుకో తగిలినప్పుడు ఇది వస్తుంది. సూదితో నీరు తీసినంత మాత్రాన తగ్గదు. తరచుగా మళ్లీ చేరుతుంది, పైగా సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది.

3. గాయం, జ్వరం, కాలు మోపలేనంత కుంటు కలిసి కనిపిస్తే కీలులో చీము పట్టిందని అనుమానించాలి. ఇక్కడ గంటలే లెక్క. కీలు ద్రవంలో మైక్రోలీటరుకు తెల్లకణాలు మామూలుగా 1,000 లోపు ఉంటాయి. 30,000 దాటితే అనుమానం బలపడుతుంది. అయితే జబ్బు తొలిదశలోనో, మందులు మొదలైన తరువాతనో ఈ సంఖ్య తక్కువగా కనిపించవచ్చు. అంకె ఒక్కదాన్నే నమ్మడం ప్రమాదకరం.

4. వేగంగా పరుగెత్తే గుర్రాల్లో ఎముక అంచు చిట్లి ముక్క ఊడటం మరో కారణం. దీనిపై మెకిల్‌రైత్ బృందం 1987లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ ముఖ్యమైనదే. కీలులోకి సన్నని గొట్టం పంపి ముక్కలు తీసిన 591 గుర్రాల్లో, తరువాతి వివరాలు దొరికిన పందెపు గుర్రాలు 445. వాటిలో 303, అంటే 68.1 శాతం, మునుపటి స్థాయిలో గానీ అంతకన్నా మెరుగ్గా గానీ పరుగెత్తాయి. మృదులాస్థి ఎక్కువగా దెబ్బతిన్న కీళ్లలో మాత్రం ఇది దాదాపు 53 శాతానికి తగ్గింది. చికిత్స ఆలస్యం వల్లే ఈ తేడా వచ్చిందని అధ్యయనం నేరుగా నిరూపించదు; అయినా ఎక్స్‌రేను వాయిదా వేయకూడదనడానికి ఇది బలమైన కారణమే.

5. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ల విషయంలో ఫలితాలు పొసగవు. కొలరాడో పరిశోధకుల ప్రయోగాల్లో ట్రైయామ్సినలోన్ 1997లో కొంత మేలు చూపగా, మిథైల్‌ప్రెడ్నిసలోన్ 1998లో మృదులాస్థికి హాని సూచించింది. వాటిలో వాడినవి ప్రయోగం కోసం ఎముక ముక్క కల్పించిన గుర్రాలు గనుక, ప్రతి గుర్రానికీ ఆ ఫలితాన్ని వర్తింపజేయడం తొందరపాటు.

వైద్యుడు వచ్చేలోగా గుర్రాన్ని చూసుకునే సాయీసు చేయదగినవి కొద్దే. గుర్రాన్ని కదలనీయకుండా నిలపాలి. గాయం లేకపోతే ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. జ్వరం, వేడి, కుంటు ఎంతో రాసిపెట్టాలి. వేడి నూనెతో మర్దన వద్దు. ఫినైల్‌బ్యూటజోన్ అనే మందు నొప్పినీ కుంటునూ కప్పిపుచ్చగలదు, మోతాదు మించితే జీర్ణాశయంలో పుండ్లు తెస్తుంది. పరీక్షకు ముందు సొంతంగా వేసిన ఆ మందు వైద్యుడు చూడవలసిన ఆధారాన్నే చెరిపేయవచ్చు.