అట్ట మీద సొంత పేరు

శ్రీరామనవమికి భద్రాచలంలో రాములోరి కల్యాణం జరిగితే సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి. గోల్కొండ ఆఖరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా పేరుతో ముడిపడిన రివాజ్ అది. మన ఖమ్మం ముసల్మాన్ ఇళ్లల్లో ఈ కిస్సా తెలియని బచ్చా ఉండడు. నేలకొండపల్లి గోపన్న పాల్వంచ పరగణాకి తహశీల్దారు కావడం, గుడి కట్టించి ఖైదు కావడం, ఆ ఖైదులోనే కీర్తనలు కట్టడం, అన్నీ మనకి బట్టీయే. ఎవరన్నా మన మీద మాట తూలితే మా అబ్బా ముందుగా బయటికి తీసే జవాబు ఆ తలంబ్రాలు. నాకు మాత్రం ఇంకో జవాబు ఉంది. గోసవీడు షేక్ హసన్ సాబ్.

గోసవీడు మన జిల్లా సరిహద్దుకి అవతల, గంపలగూడెం మండలంలోని ఊరు. అక్కడి హసన్ సాబ్ భద్రాద్రి రామాలయంలో దశాబ్దాల పాటు నాదస్వరం ఊదారు. 2021లో ఇంతెకాల్ అయ్యారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది జాబితాలో మణుగూరు మండలం కూనవరం నుంచి కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారి పేరూ ఉంది. ఈ అడవి అంచు నుంచి ఒక డోలూ ఒక నాదస్వరమూ కలిసి ఢిల్లీ దాకా వెళ్లాయన్నమాట.

నా చిన్నప్పుడు పక్కింటి టేప్ రికార్డర్లో బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు మోగేవి. ఆ అట్ట మీద బాలమురళి బొమ్మ ఇప్పటికీ నా కళ్లలో ఉంది. హసన్ సాబ్ పేరున్న క్యాసెట్ మాత్రం నేనెన్నడూ చూళ్లేదు. కల్యాణానికి వెళ్లినవాళ్లంతా ఆయన ఊపిరి విన్నవాళ్లే. ఊదింది ఎవరని ఎంతమంది అడిగి ఉంటారు?

ఈ సవాల్ నన్ను మా చెల్లెలి కొడుకు రూపంలో మళ్లీ పట్టుకుంది. ఇంజినీరింగ్ పిల్లాడు. రాత్రుళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బీట్లు చేస్తాడు, వాటి మీద ర్యాప్ పాడేది దోస్తులు. "నేను ప్రొడ్యూసర్‌ని, మామూ" అన్నాడు. నాకు తెలిసిన ప్రొడ్యూసర్ సినిమాకి పైసలు పెట్టేవాడు. హిప్‌హాప్‌లో అలా కాదు. పాత రికార్డులోంచి నాలుగు క్షణాల ముక్క కోసి, తిప్పి, దాని కింద డ్రమ్ము, బేసు వేసి పాటకి నేల పరిచేవాడు ప్రొడ్యూసర్. ఆ నేల మీద నిలబడి మాట్లాడేవాడి బొమ్మ అట్ట మీదికి ఎక్కుతుంది. అసలు 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ పార్టీలతో ఈ సంగీతం మొదలైనప్పుడు రాజు డీజేనే. మైకు పట్టినవాడు తర్వాత ముందుకొచ్చాడు, డీజే వెనక్కి జరిగాడు.

అలా వెనక కూర్చున్నవాళ్లలో ఒకడి పేరు అలీ షహీద్ ముహమ్మద్. న్యూయార్క్ బ్రూక్లిన్ మనిషి, ముసల్మాన్. 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' అనే బృందంలో మాటలు క్యూ-టిప్, ఫైఫ్ డాగ్‌లవి, రికార్డుల పళ్లేలు అలీవి. 1990లో మొదటి ఆల్బమ్. 1991లో 'ది లో ఎండ్ థియరీ'. జాజ్‌ని హిప్‌హాప్‌తో కలిపిన ఆ రెండోదానికి రాన్ కార్టర్ అంతటి జాజ్ ఉస్తాద్ వచ్చి బేసు వాయించాడు. 1995లో డి ఏంజెలో 'బ్రౌన్ షుగర్' పాట మోగిపోయింది. పాడినవాణ్ని లోకం గుర్తుపెట్టుకుంది. ఆ పాటని అతనితో కలిసి తయారుచేసింది అలీయే.

1996 ఆల్బమ్ నాటికి క్యూ-టిప్, అలీ, డెట్రాయిట్ కుర్రాడు జే డిల్లా కలిసి చేసిన బీట్లకి ఒక ఉమ్మడి పేరు పెట్టుకున్నారు: 'ది ఉమ్మా'. మన ఉమ్మత్! క్యూ-టిప్ ఇస్లాం స్వీకరించింది కూడా ఆ కాలంలోనే. ఎవరు ఏ బీటు చేశారో వేరుచేసి చెప్పకుండా అంతా ఉమ్మత్ ఖాతాలో వేయడం వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ జమాత్ పేరు కింద మనిషి పేరు అణిగిపోవడం మన మొహల్లాల్లోనూ చూస్తూనే ఉన్నాం కదా. 1998లో బృందం విడిపోయింది. అలీ ఇంకో ఇద్దరితో 'లూసీ పర్ల్' అనే బృందం కట్టి 2000లో ఒక ఆల్బమ్ చేశాడు. మళ్లీ ఉమ్మడి పేరే.

2004లో గానీ అతని మొదటి సోలో ఆల్బమ్ రాలేదు. దాని పేరు 'షహీదుల్లా అండ్ స్టీరియోటైప్స్'.

ఆ సంవత్సరం చూడండి. రెండు టవర్లు కూలి మూడేళ్లు. ఇరాక్ మీద జంగ్ నడుస్తోంది. అమెరికాలో ముసల్మాన్ పేరున్నవాడు ఎయిర్‌పోర్టులో తల దించుకుని నిలబడే రోజులు. అప్పుడు ఈ మనిషి 'షహీదుల్లా' అనే మాటని అట్ట మీద పెట్టాడు. పక్కనే 'స్టీరియోటైప్స్', అంటే మనల్ని చూడకముందే మన మీద వేసే ముద్రలు.

మా ఉర్దూ బడిలో మౌల్వీ సాబ్ షీన్, హే, దాల్ అని మూడు హరఫులు బోర్డు మీద రాసి, షహాదత్, షాహిద్, షహీద్ ఒకే ఇంటి పిల్లలని చెప్పేవారు. షహీద్ అంటే ప్రాణమిచ్చినవాడే కాదు, గవాహ్ కూడా, చూసి చెప్పేవాడు. టీవీ వార్తల్లో మాత్రం ఆ మాటకి బాంబు ఒక్కటే అర్థం. అలీకి అది తన పేరులోనే ఉన్న మాట, దాన్ని దాచుకోవాలని అతనికి తోచలేదు.

పాటల సంగతీ దాచను. ట్రైబ్ పాత ఆల్బమ్‌ల కరెంటు ఇందులో లేదు. మెత్తటి సోల్ సంగీతం, తీరిగ్గా నడిచే బీట్లు. గొంతులు ఎక్కువగా పెద్ద పేరు లేని కళాకారులవి. బజార్లో పెద్దగా నడవలేదు. నాకు ముందు కొంచెం నిద్రొచ్చింది, మూడోసారి విన్నప్పుడు బేసు పట్టుకుంది. సొంత ఆల్బమ్‌లో కూడా ఇతరుల గొంతులకే జాగా ఇచ్చి తాను కింద నేల పరుచుకుంటూ కూర్చున్నాడే అనిపించింది. అలవాటు అంత తొందరగా పోదు మరి.

ఆ అట్ట చూస్తే నాకు మన షేక్ నాజర్ గుర్తొచ్చాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టి, ప్రజానాట్యమండలిలో బుర్రకథకి కొత్త ఊపిరి పోసి, 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ నాజరే. తంబుర భుజాన వేసి, వేలికి అందె తొడిగి, రెండు పక్కలా డక్కీలతో వంతలు నిలబడితే మాటనీ తాళాన్నీ విడదీయలేని ఆ కథనం, ర్యాప్ అంటే ఏంటని అడిగే మన పెద్దలకి నేను చెప్పే మొదటి మిసాల్. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. తెలుగులో ఆ మాటని తిట్టుగా వాడతారు. జనం నోట్లో తిట్టుగా నలిగిన బిరాదరీ పేరుని తీసుకుని తన జిందగీ పుస్తకానికి అట్ట చేశాడాయన. బ్రూక్లిన్ షహీద్ చేసిందీ దాదాపు అదే పని, చాలా ఏళ్ల తర్వాత.

ఇక ఇంట్లో జరిగే అసలు జగడా. మా బెహనోయీ నమాజీ మనిషి. వాద్యాలు హరామ్ అనే ఉలేమా మాట ఆయనకి మాట. నేను గజాలీ 'ఇహ్యా'లో సమా మీద రాసిన భాగం గురించి, చిష్తీ దర్గాల ఖవ్వాలీ గురించి, షాదీలో దఫ్ గురించి చెప్తాను. ఆయన దఫ్ వరకు ఒప్పుకుంటాడు. హైదరాబాద్ కుర్రాడు రుహాన్ అర్షద్ 'మియా భాయ్' పాటతో కోట్ల మంది చెవిన పడి, 2020లో దీన్ కోసం సంగీతం వదిలేస్తున్నానన్నాడు. బెహనోయీకి అతను మిసాల్. నేను దాన్ని వెక్కిరించను, మషూర్ అయ్యాక వదులుకోవడం తేలిక కాదు. కానీ గుడి ముంగిట నాదస్వరం ఊదిన హసన్ సాబ్ కూడా ముసల్మానే అంటే బెహనోయీ కాసేపు మాట్లాడడు. చాయ్ తాగి వెళ్లిపోతాడు.

అలీ తర్వాత మళ్లీ జోడీలోకే వెళ్లాడు. ఏడ్రియన్ యంగ్‌తో కలిసి 2016లో 'లూక్ కేజ్' సీరియల్‌కి సంగీతం కట్టాడు, తర్వాత 'జాజ్ ఈజ్ డెడ్' పేరుతో పాత జాజ్ ఉస్తాదుల్ని వెతికి వాళ్ల పేర్లు అట్ట మీద వేసి రికార్డులు తెచ్చాడు.

పద్మశ్రీ జాబితాలో హసన్ సాబ్ పేరు ముందు ఊరు ఉంది, పక్కన బ్రాకెట్లో 'మరణానంతరం' అని ఉంది. ఫోన్లో ఆ జాబితా తీసి భాంజాకి చూపించాను. చదివి, తిరిగి ఇచ్చాడు. వాడి బీట్ల మీద మాత్రం ఇంకా అబ్బాకి తెలియకుండా పెట్టుకున్న ఇంగ్లీషు మారుపేరే ఉంది.