తెరచాపల తయారీ

తెరచాపల తయారీ అనగా గాలి శక్తితో నడిచే పడవలకు తెరచాపలను కత్తిరించి, కుట్టి, అవసరమైనప్పుడు మరమ్మతు చేసే వృత్తి. విహారానికి, పందేలకు వాడే యాట్ల విషయంలో ఇది ప్రత్యేక నైపుణ్యంగా అభివృద్ధి చెందింది. ఈ పని జరిగే విశాలమైన శాలను సెయిల్ లాఫ్ట్ అంటారు. పెద్ద తెరచాప నునుపైన నేలపై పూర్తిగా పరచుకోవాలి కనుక, అనేక లాఫ్టులలో కుట్టుమిషన్లను నేలలోని గుంటలలో అమర్చుతారు. కుట్టేవారు ఆ గుంటలో కూర్చుని పని చేస్తారు.

ఆకారం

తెరచాప బల్లపరుపు గుడ్డ కాదు. గాలికి ఎదురుగా ఏటవాలుగా సాగే పడవలో అది నిలబెట్టిన విమానపు రెక్క వలె పనిచేస్తుంది. ఈ వంపును గాలి కల్పించదు, కత్తెర కల్పిస్తుంది. బట్ట ముక్కల అంచులను కొన్ని మిల్లీమీటర్ల మేర వంకరగా కోసి జతచేస్తే మధ్య భాగం ఉబ్బుతుంది. ముందు అంచును కూడా బయటికి వంపుగా కోస్తారు. దానిని నిటారు కొయ్యకు బిగించినపుడు అదనపు బట్ట వెనుకకు జరిగి పొట్టగా మారుతుంది. ఆ కొయ్య గాలికి ఎంత వంగుతుందో ముందే తెలియకపోతే ఈ లెక్క తప్పుతుంది. కనుకనే ఒకే కొలతలున్న రెండు పడవలకు ఒకే తెరచాప సరిపోకపోవచ్చు.

బట్ట

నేత బట్ట పోగుల దిశలో తక్కువగా, ఐమూలగా ఎక్కువగా సాగుతుంది. ఈ వృత్తి చరిత్రలో అధిక భాగం ఈ సాగుదలతో జరిగిన పోరాటమే. 1851 ఆగస్టు 22న వైట్ ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో అమెరికా అనే నౌక బ్రిటిష్ యాట్లను ఓడించింది. దాని తెరచాపలు మరనేత నూలుతో చదునుగా కుట్టినవి. బ్రిటిష్ వారివి అవిసెనారతో చేసిన వదులైనవి. నౌక రూపకల్పన పాత్ర కూడా ఉన్నప్పటికీ, ఆ తరువాత ఇంగ్లండులో నూలు తెరచాపల వాడకం పెరిగింది.

1941లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనుగొన్న పాలిస్టర్ 1950వ దశకంలో టెరిలీన్, డేక్రాన్ పేర్లతో తెరచాపలకు వచ్చింది. మార్బుల్‌హెడ్‌కు చెందిన టెడ్ హుడ్ తన బట్టను తానే నేయించాడు. ఆయన 1974లో కరేజియస్ నౌకకు సారథిగా అమెరికాస్ కప్ గెలిచాడు. 1957లో లోవెల్ నార్త్ స్థాపించిన నార్త్ సెయిల్స్ సంస్థ 1990వ దశకంలో, పోగులను అచ్చుపై పరచి, తెరచాపను ఒకే ముక్కగా రూపొందించే పద్ధతిని ప్రవేశపెట్టింది. స్పిన్నకర్ అనే బుడగ వంటి తెరచాపకు మాత్రం నైలాన్ నేటికీ వాడతారు.

మరమ్మతు

పాలిస్టర్ తెరచాపలో సాధారణంగా ముందుగా చెడేది బట్ట కాదు, దారం. అది బట్టపై పైకి తేలి ఉండి సూర్యరశ్మికి నేరుగా గురవుతుంది. అనుభవజ్ఞులు కుట్టును గోటితో గీరి చూస్తారు. దారం తెగితే ఆ వరుసనంతా మళ్ళీ కుట్టవలసిందే. ఈ చిన్న పరీక్ష చేయకపోతే నడిసముద్రంలో ఈదురుగాలికి కుట్టు మొత్తం విడిపోవచ్చు. మందమైన మూలలను నేటికీ పామ్ అనే తోలు పట్టీని అరచేతికి ధరించి, మూడు అంచుల సూదితో చేతితో కుడతారు.

పాతబడిన కొద్దీ పొట్ట లోతై వెనుకకు జరుగుతుంది. అప్పుడు పడవ ముందుకు సాగడానికి బదులు పక్కకు ఒరుగుతుంది, చుక్కాని బరువెక్కుతుంది. చిరుగు లేదు కదా అని యజమానులు దీనిని గమనించరు. బట్టలో సత్తువ ఉంటే అంచును తిరిగి కోసి కొంతవరకు సరిచేయవచ్చు. ఉప్పును మంచినీటితో కడగాలి. నైలాన్, కెవ్లార్ తెరచాపలకు బ్లీచింగ్ ద్రావణం తగలరాదు.

పందెపు నియమాలు

హుస్సేన్ సాగర్‌లో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో పాల్గొన్న లేజర్ తరగతి పడవలకు (2019 నుండి ఐఎల్‌సీఏ) అనుమతి పొందిన తయారీదారుల తెరచాపలనే వాడాలి. స్థానికంగా ఆకారాన్ని మార్చని మరమ్మతులు మాత్రమే చేయవచ్చు. పిల్లల ఆప్టిమిస్ట్ తరగతిలో నిర్ణీత కొలతలకు లోబడి వేర్వేరు తయారీదారులు కుట్టవచ్చు.